క్రూక్స్ రేడియోమీటర్: బొమ్మకి నాలుగు స్టార్లు, పెట్టె మీది మాటకి సున్నా

ముందే చెబుతున్నాను, షోకేసులో అందంగా ఉంటుందని కొనుక్కునేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు. నేను కొన్నది ఇంటర్ ఫస్టియర్ పిల్లల కోసం. అందులోనూ చివరి బెంచీలో కూర్చునే ఒకమ్మాయి కోసం.

కాకినాడలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. మొన్న నవంబర్లో గురుత్వాకర్షణ పాఠం అయిపోయి పుస్తకం మూస్తుంటే ఆ అమ్మాయి లేచింది. "మేడమ్, పయనీర్ అనే ఉపగ్రహాన్ని ఏదో శక్తి వెనక్కి లాగుతోందంట కదా. న్యూటన్ లెక్క తప్పంట కదా!" ఏదో వీడియో చూసినట్టుంది. ఉపగ్రహం కాదమ్మా, అంతరిక్ష నౌక అని సరిచేసి, లాగింది ఎవరూ కాదు, దాని ఒంట్లో వేడే దాన్ని నెట్టింది అన్నాను. "వేడి నెడుతుందా మేడమ్?" అంది. క్లాసంతా నవ్వింది. అన్నం గిన్నె వేడిగా ఉంటే టేబుల్ మీంచి జరుగుతుందా అని ఇంకెవడో అందుకున్నాడు.

వేడి నెడుతుందని నోటితో చెప్పడం తేలికే. చూపించడానికి మా ల్యాబులో ఏముంది? మీటర్ బ్రిడ్జిలు, స్క్రూగేజీలు, తుప్పు పట్టిన ట్యూనింగ్ ఫోర్కులు. ఆ రాత్రి కూర్చుని వెతికి, వెచ్చదనం తగిలితే లోపల రెక్కలు తిరిగే ఈ గాజు బుడ్డి, అదే క్రూక్స్ రేడియోమీటర్, ఆర్డర్ పెట్టాను. నా సొంత డబ్బు, 1,149 రూపాయలు. డెలివరీ ఫ్రీ.

మొదట వచ్చింది పగిలే వచ్చింది. పెట్టె ఊపితే గలగలమంది, తెరవకుండానే అర్థమైపోయింది. అమ్మినవాళ్ల పేరు చెప్పి రచ్చ చేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే ఫొటో పంపాక మాట్లాడకుండా ఇంకోటి పంపారు. కాకపోతే తొమ్మిది రోజులు పట్టింది. రెండోది థర్మోకోల్ అచ్చులో ఒదిగి క్షేమంగా వచ్చింది. మీరు కొంటే మాత్రం పెట్టె తెరుస్తున్నప్పుడే వీడియో తీసుకోండి.

ఇక వస్తువు సంగతి. జానెడు కన్నా కాస్త తక్కువ ఎత్తున్న గాజు బుడ్డి, కింద గాజు పాదం. లోపల నిలబెట్టిన సూది మొన మీద చిన్న గాజు టోపీ, దానికి నాలుగు పుల్లలు, పుల్లల చివర నాలుగు పల్చటి రెక్కలు. ఒక్కో రెక్కకి ఒక పక్క మసి నలుపు, రెండో పక్క వెండి రంగు. అంతే. బ్యాటరీ లేదు, వైరు లేదు, స్విచ్ లేదు. ఎండలో పెడితే గిర్రున తిరుగుతుంది.

నిజంగానే తిరుగుతుంది. ఉదయం పదకొండింటి ఎండకి మా అరుగు మీద పెడితే రెక్కలు విడివిడిగా కనిపించడం మానేసి బూడిదరంగు మరకలా అయిపోయాయి. మా అత్తయ్యగారు పూజ ముగించుకుని వచ్చి కాసేపు చూశారు. "ఏమ్మా, కరెంటు లేకుండా ఇదెలా తిరుగుతోందే?" అని, నేను నోరు తెరిచేలోగా "పాఠం చెప్పకు, ఊరికే అడిగాను" అనేసి లోపలికి వెళ్లిపోయారు.

ఎండ లేకపోతే పాత ఫిలమెంట్ బల్బు కావాలి. ఈ విషయం పెట్టె మీద ఎక్కడా రాయలేదు. మా క్లాసులో ఉన్న ఎల్ఈడీ ట్యూబులైట్లకి ఇది కదలనైనా కదల్లేదు. మొదటిరోజు పిల్లల ముందు పరువు పోయింది. దీనికి కావలసింది వెలుతురు కాదు, వెచ్చదనం. ఎల్ఈడీ నుంచి వెలుతురు బాగానే వస్తుంది గానీ పరారుణ కిరణాలు దాదాపు రావు. ఊళ్లో నాలుగు ఎలక్ట్రికల్ షాపులు తిరిగితే ఒకాయన అటక మీంచి దుమ్ము దులిపి 60 వాట్ల ఫిలమెంట్ బల్బు తీసిచ్చాడు. ఆ బల్బుని ఒక జానెడు దూరంలో పెడితే ఎండలో తిరిగినంత జోరుగానూ తిరిగింది. ఈ 60 వాట్లు అన్న అంకె గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఇప్పుడు పెట్టె మీద రాసిన మాట. "కాంతి కణాలు రెక్కలను నెట్టడం వల్ల ఇది తిరుగుతుంది" అని ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో. ఇది తప్పు. దీని వయసు చూస్తే పాత తప్పు కూడా. 1870లలో ఇంగ్లండులో విలియం క్రూక్స్ థాలియం లోహాన్ని గాలి తీసేసిన పెట్టెలో తూస్తుంటే, వస్తువు వెచ్చగా ఉన్నప్పుడు తూకం తేడాగా వస్తోందని గమనించాడు. దాని వెంటబడి ఈ బుడ్డి తయారుచేశాడు. కాంతికి ఒత్తిడి ఉంటుందని మాక్స్‌వెల్ 1873లోనే లెక్క కట్టి చెప్పి ఉన్నాడు. ఇంకేం, ఆ ఒత్తిడే కళ్లముందు తిరుగుతోందని జనం సంబరపడ్డారు.

కానీ తిరిగే దిక్కు చూడండి. నలుపు మీద పడ్డ కాంతి ఇంకిపోతుంది, వెండి మీద పడ్డది వెనక్కి తిరిగిపోతుంది. బంతి గోడకి అంటుకుపోతే గోడకి ఒక దెబ్బ, ఎగిరి వెనక్కి వస్తే దాదాపు రెండు దెబ్బలు. కాబట్టి కాంతే నెడుతుంటే వెండి పక్క వెనక్కి జరగాలి. బుడ్డిలో జరిగేది దానికి తలకిందులు, నలుపు పక్కే వెనక్కి జరుగుతుంది. అసలు కారణం బుడ్డిలో మిగిలి ఉన్న కొద్దిపాటి గాలి. నలుపు పక్క ఎక్కువ వేడెక్కుతుంది. రెక్క అంచుల దగ్గర గాలి అణువులు చల్లటి పక్కనుంచి వేడి పక్కకి పాకుతాయి, అక్కడ ఒత్తిడి పెరిగి రెక్కని తోస్తుంది. ఈ సంగతి ఆస్బర్న్ రేనాల్డ్స్, మాక్స్‌వెల్ 1879లో తేల్చారు. బుడ్డిలో గాలి పూర్తిగా తీసేస్తే ఇది తిరగదు, పూర్తిగా నింపినా తిరగదు. ఆ మధ్యలో ఎక్కడో గాలి మిగల్చాలి. ఆ కిటుకు సరిగ్గా కుదిరింది గనుకే దీనికి నాలుగు స్టార్లు ఇస్తున్నాను.

మా పిల్లలకి దీన్ని తలకిందులుగా కూడా చూపించాను. ఎండలో వెచ్చబడ్డ బుడ్డిని ఫ్రిజ్‌లో పెట్టి, పక్కనే ఫోను ఫ్లాష్ వేసి వీడియో ఆన్ చేసి తలుపు మూశాను. నలుపు పక్క వేడిని త్వరగా వదిలేసి ముందు చల్లబడుతుంది, దాంతో రెక్కలు రెండో దిక్కుకి తిరిగాయి. వీడియోలో స్పష్టంగా వచ్చింది. పెరుగు కోసం తలుపు తీసిన అత్తయ్యగారి మొహం కూడా అంతే స్పష్టంగా వచ్చింది.

కాంతికి నెట్టే బలం లేదని కాదు. ఉంది, మాస్కోలో లెబెదేవ్ 1901లో దాన్ని కొలిచి చూపించాడు. కాకపోతే చాలా చిన్నది. ఈ బుడ్డిలో ఒక్కో రెక్క అంగుళంలో సగం పైచిలుకు. దాని మీద మట్టమధ్యాహ్నం ఎండ నేరుగా పడినా కాంతి తోపు ఒక న్యూటన్‌లో వంద కోట్ల వంతు. సూది మొన మీద రాపిడినే అది దాటలేదు.

ఇదంతా విన్నాక ఆ అమ్మాయి మళ్లీ లేచింది. "అంటే మేడమ్, మీరు చెప్పిన పయనీర్‌ని కూడా గాలే నెట్టిందా? అక్కడ గాలి లేదు కదా."

ఈ బుడ్డి కొన్నందుకు నాకు గిట్టుబాటయింది ఆ ప్రశ్నతోనే. ఎందుకంటే పెట్టె మీద రాసిన ఆ తప్పు మాట ఈ బొమ్మకే తప్పు. పయనీర్ దగ్గరికి తీసుకెళ్తే అక్షరాలా నిజం. ఇక్కడ అందరూ కాంతి అనుకున్నది గాలి పని. అక్కడ అందరూ గురుత్వాకర్షణ అనుకున్నది కాంతి పని, కంటికి కనపడని పరారుణ కాంతి. ఆ కథ మీకూ చెబుతాను, రివ్యూ పొడుగైతే క్షమించండి. తొందరలో ఉన్నవాళ్లు చివరి రెండు పేరాలకి వెళ్లిపోవచ్చు.

పయనీర్ 10ని నాసా 1972 మార్చిలో పంపింది, పయనీర్ 11ని 1973 ఏప్రిల్లో. మొదటిది 1973 డిసెంబర్లో గురుగ్రహాన్ని, రెండోది గురుడితో పాటు 1979 సెప్టెంబర్లో శనినీ చూసి, చెరో దిక్కున సౌర కుటుంబం బయటికి సాగిపోయాయి. సూర్యుడికి అంత దూరంలో సోలార్ పలకలు పనిచేయవు. అందుకని ప్లుటోనియం 238 నింపిన నాలుగు అణు జనరేటర్లని రెండు పొడుగాటి కమ్మీల చివర కట్టారు. అవి వదిలే వేడి మొదట్లో 2,500 వాట్ల పైనే. దాంట్లో కరెంటుగా మారేది 160 వాట్ల దాకా. మిగిలినదంతా వేడిగా అంతరిక్షంలోకి పోవలసిందే.

ఈ నౌకల్లో గొప్పతనం వాటి నిశ్శబ్దం. బొంగరంలా నిమిషానికి కొన్ని చుట్లు తిరుగుతూ, 2.74 మీటర్ల డిష్ యాంటెన్నాని భూమి వైపు పెట్టుకుని పోతుంటాయి. తిరగడం వల్లే నిలకడగా ఉంటాయి కాబట్టి మాటిమాటికీ చిన్న రాకెట్లు పేల్చి సర్దుకోనక్కర్లేదు. వాయేజర్‌లకి అలా కాదు, అవి తిరగవు, చిన్న రాకెట్లతో సర్దుకుంటూనే ఉండాలి. ఆ కుదుపుల్లో చిన్న బలాలు మునిగిపోతాయి. పయనీర్‌లో మునగలేదు, అదే తలనొప్పి అయింది.

భూమి నుంచి ఒక రేడియో అల పంపిస్తారు. నౌక దాన్ని తిప్పి పంపుతుంది. వచ్చిన అల పౌనఃపున్యం ఎంత మారిందో చూసి వేగం లెక్కగడతారు. రైలు కూత దగ్గరికొస్తుంటే ఒకలా, దూరమవుతుంటే ఇంకోలా వినిపించే డాప్లర్ పాఠమే. నాసా వారి జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో జాన్ ఆండర్సన్ బృందం 1980 ప్రాంతం నుంచే ఒక తేడా గమనిస్తూ వచ్చింది. సూర్యుడి గురుత్వం, గ్రహాల గురుత్వం, ఎండ ఒత్తిడి అన్నీ లెక్కలో వేసినా నౌక ఉండాల్సినంత వేగంగా పోవడం లేదు. సెకనుకి 229 కోట్ల సార్లు కంపించే అలలో ఎనిమిదేళ్లకి కలిసిన తేడా ఒకటిన్నర హెర్ట్జ్, అంటే సెకనుకి ఒకటిన్నర కంపనం. ఇంతే. ఈ అంకె చెప్పినప్పుడు ఏటా ఎవరో ఒకరు "ఇంత చిన్నదాన్ని పట్టించుకోవడం దేనికి మేడమ్" అంటారు. రాకెట్ వాళ్లు అలా అనుకుని ఉంటే గురుగ్రహం దాకా పోయేవాళ్లు కాదు బాబూ అంటాను.

తేడా త్వరణం 8.74 భాగం పది టు ది పవర్ పది, మీటర్ పర్ సెకండ్ స్క్వేర్. మన కాళ్ల కింద భూమి లాగే లాగుడులో 1,100 కోట్లలో ఒక వంతు. రెండు నౌకల్లోనూ దాదాపు అంతే, రెంటిలోనూ సూర్యుడి వైపే. బోర్డు మీద లెక్క వేయించాను. ఒక గంటలో ఈ బలం నౌకని వెనక్కి జరిపేది ఆరు మిల్లీమీటర్ల లోపు. ఒక రోజులో మూడు మీటర్ల పైచిలుకు. ఏడాదికి 435 కిలోమీటర్లు, అంటే కాకినాడ నుంచి హైదరాబాద్ దాకా దాదాపు. ముప్పై ఏళ్లకి 3,90,000 కిలోమీటర్లు. ఇది చంద్రుడి దూరం. త్వరణం నుంచి దూరం లెక్కగట్టే సగం ఏటీ స్క్వేర్ సూత్రం ఎందుకు నేర్చుకోవాలో ఆ రోజు క్లాసుకి అర్థమయిందనుకుంటాను. కనీసం ఫోన్లు దాచి మరీ కాలిక్యులేటర్ నొక్కారు.

1998లో ఆండర్సన్, మైకేల్ నీటో, స్లావా తురిషేవ్ తదితరులు దీన్ని ఫిజికల్ రివ్యూ లెటర్స్ అనే పత్రికలో ప్రకటించాక పండగే పండగ. గురుత్వాకర్షణ సూత్రమే దూరం పోయేకొద్దీ మారుతోందన్నవాళ్లు కొందరు. కంటికి కనపడని కృష్ణ పదార్థం లాగుతోందన్నవాళ్లు కొందరు. విశ్వం వ్యాకోచించే రేటుని కాంతి వేగంతో గుణిస్తే వచ్చే అంకె కూడా దాదాపు ఇంతే అవుతుంది, ఇక దాన్ని పట్టుకుని ఊగినవాళ్లు ఇంకొందరు. ఆ అంకె కలవడం నాకూ ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకునేలా చేసింది, అబద్ధమెందుకు. అప్పుడు నేను ఎమ్మెస్సీ చదువుతున్నాను, హాస్టల్లో దీని మీద వాదించుకుని అన్నం మెస్సు మూసేసేదాకా కూర్చున్నాం.

వేడి అని ఎవరూ అనలేదా? అన్నారు. 1999లోనే జొనాథన్ కాట్జ్, ఎడ్వర్డ్ మర్ఫీ వేర్వేరుగా, ఇది నౌక వదిలే వేడి కావచ్చని అదే పత్రికలో రాశారు. ఆండర్సన్ బృందం దాన్ని కొట్టిపారేయడానికి కారణం కూడా మొండితనమేమీ కాదు. ప్లుటోనియం 238 అర్ధాయువు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, 87.7 ఏళ్లు. వేడి తగ్గుతూ పోవాలి, తోపు కూడా తగ్గుతూ పోవాలి. వాళ్ల చేతిలో ఉన్నది 1987 నుంచి 1998 దాకా ఉన్న కొలతలు, వాటిలో త్వరణం నిలకడగానే కనిపించింది. తగ్గుదల తెలియాలంటే ఇంకా పాత కొలతలు కావాలి. అవి ఎక్కడున్నాయి?

కథలో నాకు బాగా నచ్చేది ఈ చోటే. పాత డాప్లర్ టేపులు జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో మెట్ల కింద అట్టపెట్టెల్లో దొరికాయి. నౌక తన ఒంటి ఉష్ణోగ్రతలు, కరెంటు వాడకం చెబుతూ పంపిన కబుర్లని పయనీర్ బృందంలో పనిచేసిన లారీ కెల్లాగ్ జాగ్రత్తగా దాచి ఉంచారు. కెనడాలో ఉన్న విక్టర్ టాథ్ అనే ప్రోగ్రామర్ వాటిని చదివే సాఫ్ట్‌వేర్ రాశారు. ఖర్చు కోసం ప్లానెటరీ సొసైటీ సభ్యులు చందాలిచ్చారు. మా కాలేజీలో పాత ప్రాక్టికల్ రికార్డులు ఏటా తూకానికి అమ్మేస్తారు. ఈ ముక్క చెప్పాక మా ల్యాబ్ అటెండర్ ఈసారి అమ్మే ముందు నన్ను అడిగాడు. అమ్మేయమనే చెప్పాను లెండి, మావాటిలో అందరివీ ఒకే రీడింగులు ఉంటాయి.

మళ్లీ నా 60 వాట్ల బల్బు దగ్గరికొద్దాం. వేడి ఎలా నెడుతుందో పిల్లలకి పడవతో చెప్పాను. యానాం రేవులో పడవ మీంచి ఒడ్డుకి దూకితే పడవ వెనక్కి పోతుంది కదా. వేడి వస్తువు నుంచి బయటికి పోయే ప్రతి పరారుణ కణమూ అలా దూకేదే, దానికి బరువు లేకపోయినా ద్రవ్యవేగం, అంటే నెట్టే ఊపు, ఉంది. శక్తిని కాంతి వేగంతో భాగిస్తే అది వస్తుంది. నలుగురు నాలుగు పక్కలకి ఒకేసారి దూకితే పడవ ఎటూ కదలదు. ఒకే పక్కకి దూకేవాళ్లు ఎక్కువైతేనే కదులుతుంది. పయనీర్‌లో డిష్ సూర్యుడి వైపు, భూమి వైపు ఉంటుంది. ఎలక్ట్రానిక్స్ పెట్టె ఆ డిష్ వెనకాల ఉంటుంది. పెట్టె వేడిని వదిలే కిటికీ రెక్కల్లాంటి షట్టర్లు సూర్యుడికి అవతలి పక్కన ఉన్నాయి. జనరేటర్ల వేడిలో కొంత డిష్ వీపుకి తగిలి అదే పక్కకి తిరుగుతుంది. అంటే దూకేవాళ్లలో ఎక్కువమంది బయటి వైపుకి దూకుతున్నారు. పడవ సూర్యుడి వైపు జరుగుతోంది.

ఎంత వేడి కావాలి? నౌక బరువు 241 కిలోలు. దాన్ని ఆ త్వరణంతో గుణిస్తే బలం ఒక న్యూటన్‌లో కోటి వంతుల్లో రెండు వంతులు. అరచేతిలో ఒక ఉప్పు రవ్వ ఇంతకన్నా గట్టిగా నొక్కుతుంది. దాన్ని కాంతి వేగంతో గుణించండి అన్నాను. ముందు వరసలో ఒక కుర్రాడు నిమిషంలో చెప్పాడు, 63. వాట్లు.

క్లాసులో ఎవరూ మాట్లాడలేదు. టేబుల్ మీద 60 వాట్ల బల్బు వెలుగుతోంది, పక్కన బుడ్డి తిరుగుతోంది. బల్బు కాంతి అన్ని పక్కలకీ పోతుంది, పయనీర్‌కి కావలసింది ఒకే పక్కకి పోయే 63 వాట్లు, కాబట్టి అచ్చంగా ఒకటి కాదని చెప్పాల్సి వచ్చింది. అయినా సరే, 2,500 వాట్లతో బయల్దేరిన నౌకలో నూటికి మూడు వంతుల లోపు వేడి ఒక పక్కకి ఎక్కువ పోతే చాలు, న్యూటన్‌ని కదిలించనక్కర్లేదు.

తర్వాత జరిగింది క్లుప్తంగానే చెప్పాను. 2011లో తురిషేవ్, టాథ్ వాళ్లు పొడుగాటి డేటా పెట్టి చూస్తే త్వరణం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతోందని తేలింది. 2012లో నౌక మొత్తానికి ఉష్ణ నమూనా, అంటే వేడి ఎటు ఎంత పోతుందో చెప్పే లెక్క, కట్టారు. అందులో జనరేటర్ల వేడిలో నూటికి ఒక వంతు, ఎలక్ట్రానిక్స్ వేడిలో నూటికి 40 వంతుల దాకా తోపుకి పనికొస్తోందని వచ్చింది. తేడాలో దాదాపు 80 శాతం వేడితోనే సరిపోయింది, మిగిలింది కొలత పొరపాట్ల హద్దులోనే ఉంది. అన్నట్టు నౌక భూమి వైపు పంపే 8 వాట్ల రేడియో కిరణం కూడా దాన్ని నెడుతుంది, అయితే బయటి వైపుకి. మాట్లాడితే కూడా వెనక్కి జరగాల్సిందే పాపం.

పోర్చుగల్‌లోని లిస్బన్‌లో ఇంకో బృందం ఇదే లెక్కని వేరే దారిలో చేసింది. కంప్యూటర్ గేముల్లో బొమ్మల మీద మెరుపు ఎలా పడాలో చెప్పే ఫాంగ్ షేడింగ్ అనే పద్ధతి ఉంది, బుయ్ తువాంగ్ ఫాంగ్ 1970లలో కనిపెట్టింది. దాంతో డిష్ వీపు మీద పడి తిరిగిపోయే వేడిని లెక్కగట్టారు. జర్మనీలో బ్రెమెన్ వాళ్లదీ అదే ఫలితం. ఈ గేమ్ ముక్క చెప్పగానే వెనక బెంచీలన్నీ ముందుకి వంగాయి. ఇన్నేళ్ల సర్వీసులో నేను చెప్పిన ఏ మాటకీ అలా వంగలేదు.

చివరి బెంచీ అమ్మాయి మాత్రం నీరసపడింది. నోట్సులో "కారణం: వేడి" అని రాసుకుని పక్కన ఏడుపు మొహం గీసింది. కొత్త శక్తి ఏదో ఉంటుందనుకుంది. నాకు ఆ మొహం చూస్తే నా హాస్టల్ రోజులు గుర్తొచ్చాయి. వారం తర్వాత కాగితం ముక్క పట్టుకుని స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. భూమి పక్కనుంచి వేగం పుంజుకుని పోయే నౌకల్లో కొన్నింటికి లెక్కకి మించి కాస్త వేగం వచ్చిందట. 1990లో గెలీలియో నౌకకి సెకనుకి సుమారు 4 మిల్లీమీటర్లు, 1998లో నియర్ నౌకకి 13 మిల్లీమీటర్లు. "ఇదీ వేడేనా మేడమ్?" ఇది ఇంకా తేలలేదమ్మా అన్నాను. కళ్లు పెద్దవయ్యాయి. పెద్దయ్యాక నువ్వు తేల్చు లాంటి డైలాగులు నేను చెప్పను. ముందు సగం ఏటీ స్క్వేర్ యూనిట్లు సరిగ్గా రాయమన్నాను.

పయనీర్ 10 నుంచి చివరి సంకేతం 2003 జనవరి 23న అందింది, అప్పటికి 1,200 కోట్ల కిలోమీటర్ల పైన దూరంలో ఉంది. కరెంటు తగ్గి గొంతు పోయింది గానీ ప్లుటోనియం ఇప్పటికీ వెచ్చగానే ఉంటుంది. అంటే ఆ తోపు ఇప్పటికీ ఉంది, మనకి వినపడదంతే.

సరే, వస్తువు. ఒక స్టారు తగ్గించింది పెట్టె మీది మాటకే. తిరగడానికి కారణం తప్పు రాసి, సైన్సు బొమ్మ అని అమ్మడం నాకు మింగుడుపడలేదు. లోపల పెట్టిన కాగితంలో కూడా అదే ముక్క, దానికి తోడు స్పెల్లింగు తప్పులు. కొన్నవాళ్లు ఆ కాగితం పిల్లలకి ఇవ్వకండి. గాజు చాలా పల్చన, పాదం ఇరుకు, మోచేయి తగిలితే పడుతుంది. నేను అడుగున బ్లూటాక్ అనే జిగురు ముద్ద అంటించి చెక్క పలక మీద నిలబెట్టాను. వణుకుతున్న టేబుల్ మీద పెట్టకండి, సూది మీంచి టోపీ పక్కకి ఒరిగితే మెల్లగా తలకిందులు చేసి మళ్లీ నిలబెడితే సర్దుకుంటుంది. ఎండలోంచి తీసి ఒక్కసారిగా చన్నీళ్లు పోయకండి, చిట్లుతుంది. ఫ్రిజ్ చాలు.

ఫిలమెంట్ బల్బు పెట్టెలో రాదు, మీరే వెతుక్కోవాలి, ఎల్ఈడీతో పని జరగదు. హోల్డరు, వైరుతో కలిపి నాకు ఇంకో 140 రూపాయలయింది. వాపసు గడువు ఏడు రోజులే. నాది ఇప్పుడు ఫిజిక్స్ ల్యాబ్ కిటికీలో ఉంది. ఉదయం రెండో పీరియడ్‌కి అక్కడ ఎండ పడుతుంది, మూడో పీరియడ్ అయ్యేసరికి ఆగిపోతుంది.